పరీక్ష తప్పినవారికి బీమా

మా కాలేజీలో పాఠం చెప్పడాన్ని నిషేధిస్తూ సర్క్యులర్ వచ్చిన సమయానికి నేను క్లాసులో పాఠమే చెబుతున్నాను. సర్క్యులర్ తెచ్చిన అటెండరు నా చేతిలో సుద్దముక్క చూసి కంగారుపడ్డాడు. వరండాలోకి తొంగిచూసి, ఎవరూ రావడం లేదని రూఢి చేసుకుని, "ముందు అది పడెయ్యండి మాస్టారూ, ఎవరైనా చూత్తే బాగోదు" అన్నాడు.

పడేశాను. ఉద్యోగంలో నేను వెంటనే అమలు చేసిన ఆదేశాల్లో అదొకటి. మిగతావి కూడా అంతే.

మాది భీమవరానికీ ఉండికీ మధ్య రొయ్యల చెరువుల నడుమ కట్టిన మేనేజ్‌మెంట్ కాలేజీ. కిటికీలు తీస్తే చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడు, మూస్తే మా చప్పుడు. కాలేజీకి స్వయంప్రతిపత్తి ఉంది. అంటే పరీక్షలు మేమే పెట్టుకుని, మార్కులు మేమే వేసుకుని, పొరపాట్లు కూడా పై వాళ్ళ జోక్యం లేకుండా మేమే చేసుకోవచ్చు. అందులో నేను ఫైనాన్సు ప్రొఫెసర్ని. పేరు తటవర్తి కామేశ్వరం. డబ్బు ఎలా పెరుగుతుందో ఏళ్ళ తరబడి చెబుతూ, అది పెరగడం ఏనాడూ కళ్ళారా చూడనివాణ్ణి.

సర్క్యులర్ మీద డైరెక్టర్ డాక్టర్ పెన్మెత్స రామభద్రరాజు గారి సంతకం ఉంది. "ఈ విద్యా సంవత్సరమును అనుభవాత్మక సంవత్సరముగా ప్రకటించడమైనది. ఇకపై అధ్యాపకులు బోధించరాదు. విద్యార్థులు అనుభవించవలెను" అని అందులో ఉంది. రాజుగారు ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. వెళ్ళొచ్చిన ప్రతిసారీ మాకు ఇలాంటిదేదో జరుగుతుంది.

మిగతా వాళ్ళు త్వరగానే సర్దుకున్నారు. మార్కెటింగ్ మాస్టారు తన క్లాసు మొత్తాన్ని రైల్వేస్టేషనుకి తీసుకెళ్ళి పల్లీలు అమ్మించాడు. మానవ వనరులు చెప్పే మేడమ్ ప్రతి విద్యార్థి చేతా పక్కవాణ్ణి ఉద్యోగంలోంచి తీయించింది. ఇద్దరికీ నోటీసు బోర్డు మీద అభినందనలు పడ్డాయి. నాకు మాత్రం బీమా అధ్యాయం వచ్చిపడింది. బీమాని ఎలా అనుభవించాలి? ఎవరి ఇల్లయినా తగలబెట్టాలా?

దారి చూపించింది మా ఆవిడ ఇందుమతి. భోజనాల దగ్గర స్కూటరు బీమా కాగితం నా ముందు పెట్టి, "ఈ ఏడాది కూడా మీరు దేన్నీ గుద్దలేదు. కట్టిందంతా దండగేనా?" అంది.

"దండగ కాదు. భయం లేకుండా తిరిగాం కదా. భయం తీసేసినందుకే ఆ డబ్బు" అన్నాను. అలా అంటూండగానే నాకు మెరుపులా తోచింది. మా పిల్లలకి స్కూటర్లు గుద్దుతాయన్న భయం లేదు. వాళ్ళకున్న భయం ఒక్కటే: పరీక్ష.

మర్నాడు క్లాసులో ప్రకటించాను. ప్రతివాళ్ళూ తమకు వచ్చిన మార్కుల్లోంచి ఐదు ప్రీమియంగా నిధికి ఇవ్వాలి. ఎవరైనా పరీక్ష తప్పితే నిధిలోంచి మార్కులు తీసి, వాళ్ళని క్లాసు సగటు దాకా లేపుతాం. అదే పరీక్షా బీమా.

క్లాసంతా తలలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు నాకు కొత్త. మొహం మీద ఏమైనా అంటుకుందేమోనని తడుముకున్నాను.

మూడో బెంచీలోంచి కొప్పిశెట్టి మణిశంకర్ లేచాడు. వీడికి హాజరు తక్కువ, సందేహాలు ఎక్కువ. "తప్పితేనే ఇత్తారాండి? పాసైనోడికేవీ రాదాండి?"

"రాదు. అదే బీమా."

"అయితే పాసైనోడు నష్టపోయినట్టే కదండీ."

"లేదయ్యా. వాడికి మనశ్శాంతి వస్తుంది."

"దాన్ని మార్కుల్లోకి మార్చుకోవచ్చాండి?"

నవ్వులు. నేనూ నవ్వాను. క్లాసు నాతో కలిసి నవ్వుతోందనుకున్నాను.

ఈ సంగతి రాజుగారి చెవిన పడ్డ వెంటనే కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. "మాస్టారూ, మీరు చేసిందేంటో మీకు తెలుసా? అపజయాన్ని ప్రజాస్వామ్యీకరించారు! ఇది ఒక్క క్లాసులో ఉండిపోవలసిన విషయం కాదు. దీన్ని సంస్థాగతం చేద్దాం. మిడ్‌టెర్మ్‌కి, సెమిస్టరు పరీక్షలకి, అన్ని సబ్జెక్టులకి."

"క్లాసులో సరదాగా చేసిందండీ..."

"అదే మీ వినయం. పాలసీ పత్రం రాయండి. ఉండాల్సిన నిబంధనలన్నీ ఉండాలి. నిండుగా కనపడాలి."

పాలసీ పత్రం ఎలా ఉంటుందో నాకు పుస్తకాల్లో తెలుసు. రాయడం తెలీదు. స్కూటరు పాలసీ ముందు పెట్టుకుని, 'వాహనము' అన్నచోటల్లా 'విద్యార్థి' అని మార్చుకుంటూ పోయాను. నిండుగానే వచ్చింది. వారం తిరక్కుండా పథకం ప్రారంభోత్సవం జరిగింది. జ్యోతి వెలిగించారు, శాలువా కప్పారు. నాకు చీఫ్ అండర్‌రైటర్, అంటే ఎవరికి బీమా ఇవ్వాలో తేల్చే పెద్ద, అన్న హోదా ఇచ్చారు. జీతం అదే. కొత్త హోదాతో విజిటింగ్ కార్డులు నా ఖర్చుతోనే అచ్చు వేయించుకుని ఇంట్లో చూపించాను.

ఇందుమతి కార్డు అటూ ఇటూ తిప్పింది. "అంటే మీరిప్పుడు పిల్లలు తప్పితే సంతోషించాలా, పాసైతే సంతోషించాలా?" అంది.

ప్రశ్న బాగుందన్నాను. ప్రొఫెసర్లకి ఈ సౌకర్యం ఉంది.

మొదటి చిక్కు ఎప్పుడూ ఫస్టు వచ్చే అమ్మాయితో వచ్చింది. "నేనెలాగూ తప్పను సార్. నా ఐదు మార్కులు నేనెందుకివ్వాలి?" అంది. ఆమెతో పాటు బాగా చదివేవాళ్ళంతా తప్పుకున్నారు. మిగిలింది ఇవ్వడానికి మార్కులు లేనివాళ్ళే. పుస్తకంలో ఇలాగే జరుగుతుందని రాసుంది. నిజంగానే జరిగేసరికి, జబ్బు తాను చెప్పినదేనని తేలిన డాక్టరులా పొంగిపోయాను. రాజుగారు పొంగిపోలేదు. "బీమా లేనివారికి హాల్ టికెట్ ఇవ్వబడదు" అని సర్క్యులర్ వేసేశారు. దాంతో అందరూ చేరారు.

అందరూ చేరాక అందరూ చదవడం మానేశారు.

తప్పు నాదే, వాళ్ళని మాత్రం ఏమనగలం? తప్పితే సగటు మార్కులొస్తాయి. అత్తెసరుగా పాసైతే ప్రీమియం పోను మిగిలిన నలభయ్యీ గతి. మిడ్‌టెర్మ్ ఫలితాలు వచ్చిన రోజున తప్పినవాళ్ళు స్వీట్లు పంచారు. పాసైనవాళ్ళు కొందరు నా గది ముందు నీరసంగా నిలబడ్డారు.

ఆకివీడు నుంచి ఒక రొయ్యల రైతు తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పక్కన కొడుకు తలొంచుకుని ఉన్నాడు. "మావోడు పాసైపోయేడండి మాస్టారూ" అన్నాడు దిగులుగా. "రెండు మార్కుల్లో పోయిందండి. మీరు పెద్ద మనసు చేసుకుని ఆ రెండూ కొట్టేత్తే, పిల్లోడు తప్పి గట్టెక్కుతాడండి."

"అలా చెయ్యకూడదండీ."

"అందరికీ చేత్తన్నారంటండి. మావోడేం పాపం చేసేడండి?"

ఆ వారంలోనే ఒక పెద్దాయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. తమ మేనల్లుడికి ఎలాగైనా తప్పే మార్కులు వచ్చేలా చూడమన్నాడు. నా ఉద్యోగంలో పాస్ చేయించమని వచ్చిన సిఫార్సులు చాలా ఉన్నాయి. అవి ఎంత గౌరవప్రదమైనవో అప్పుడు తెలిసింది.

నిధి ఖాళీ అయింది. రాజుగారు అత్యవసర సమావేశం పెట్టారు. "క్లెయిముల క్రమబద్ధీకరణ జరగాలి" అన్నారు. అంటే ఇవ్వకుండా ఉండే మార్గాలు చూడాలని. నన్ను క్లెయిముల విభాగాధిపతిగా కూడా నియమించారు. ఇకపై తప్పితే చాలదు, శ్రద్ధగా చదివి తప్పినట్టు రుజువు చూపించాలి. చదువుతున్నప్పటి ఫోటోలు, హాస్టలు గదిలో తోటివాళ్ళ సాక్ష్యం, రాత్రిళ్ళు మేలుకున్నట్టు క్యాంటీన్ టీ బిల్లులు.

దాంతో పిల్లలకి చదువుకోడానికి నిజంగానే టైము లేకుండా పోయింది. రోజంతా చదువుతున్నట్టు రుజువులు తయారుచేయడంతోనే సరిపోయేది. మణిశంకర్ లైబ్రరీ వెనక ఒక బల్ల, టేబుల్ లైటు, లావుపాటి పుస్తకం పెట్టి ఫోటో స్టూడియో తెరిచాడు. కళ్ళ కింద నలుపు కావాలంటే కాటుకకి అదనం. నేను తనిఖీకి వెళితే నన్ను కూడా కూర్చోబెట్టి ఒకటి తీశాడు. ఫోటోలో నేను చాలా చదువుకున్నవాడిలా ఉన్నాను. ఫ్రేము కట్టించాను.

రుజువులు కుప్పలు తెప్పలుగా వచ్చేసరికి రాజుగారు మినహాయింపులు తెచ్చారు. నిర్లక్ష్యం వల్ల తప్పితే చెల్లదు. ప్రశ్నపత్రం కష్టంగా రావడం దైవికం కింద వస్తుంది కాబట్టి చెల్లదు. ప్రశ్నపత్రం తయారుచేసేది నేను. నన్ను దేవుడి కింద జమకట్టిన ఏకైక పత్రం అదే. అన్నిటికంటే పెద్ద మినహాయింపు చివర ఉంది: ముందునుంచీ ఉన్న బలహీనతకి బీమా వర్తించదు. పదో తరగతి నుంచీ లెక్కల్లో వెనకబడ్డవాడు ఇప్పుడు లెక్కల్లో తప్పితే, అది పాత జబ్బు.

పథకం చక్కబడింది. తప్పే అవకాశమున్న ఎవరికీ బీమా చెల్లదు, చెల్లేవాళ్ళెవరూ తప్పరు. నిధి నిండింది. రాజుగారు మా పథకాన్ని ఢిల్లీలో ఎవరో ఇచ్చే అవార్డుకి పంపారు. పరిశీలనకి కమిటీ వస్తుందని జవాబొచ్చింది. గోడలకి సున్నం వేయించడం మొదలైంది.

సెమిస్టరు ఫలితాలు వచ్చాక నల్లి ఎస్తేరు రాణి నా గదికి వచ్చింది. మొదటి బెంచీలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి. ఎప్పుడూ సందేహం అడగదు. నేను తుమ్మినా రాసుకునేంత శ్రద్ధ. వాళ్ళమ్మ రొయ్యల ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని చేసి చదివిస్తోంది. రాణికి విశాఖపట్నంలో ఉద్యోగం ఖాయమైంది. ఈ సెమిస్టరు పాసైనట్టు సర్టిఫికెట్ ఇస్తే చేరొచ్చు. ఇవ్వకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారు.

ఆమెకి నా సబ్జెక్టులో నలభై మూడు వచ్చాయి. పాసు నలభై. ప్రీమియం ఐదు పోతే ముప్పై ఎనిమిది. తప్పింది. తప్పింది కాబట్టి క్లెయిము పెట్టింది. పదో తరగతి మార్కుల జాబితాలో లెక్కలు అంతంతమాత్రంగా ఉండడంతో, ముందునుంచీ ఉన్న బలహీనత అని తిరస్కరించారు. తిరస్కరించింది నేనే. ఫైలు మీద పేరు చూడలేదు. చూసినా చేసేవాణ్ణేమో.

"మాస్టారూ, బీమా లేకపోతే నేను పాసేనాండి?" అంది.

నాకు సూటి ప్రశ్నలు అలవాటు లేదు. కాగితం తీసుకుని బొమ్మ గీశాను. నష్టభయం అందరిమీదా ఎలా పరుచుకుంటుందో, పదిమంది మేలు కోసం ఒక్కరి మీద భారం ఎందుకు పడుతుందో బాణం గుర్తులతో సహా వివరించాను. ఆమె ఒక్క ముక్క పోనివ్వకుండా రాసుకుంది.

"అర్థమైందండి. పరీక్షలో ఇత్తే రాత్తానండి" అంది. పుస్తకం మూసి మళ్ళీ అడిగింది. "కానీ నేను పాసేనా కాదాండి?"

"పాసేనమ్మా" అన్నాను.

ఆమె ఏడవలేదు. "అమ్మకి ఏం చెప్పాలో మీరే చెప్పండి. నాకు చెప్పడం రావట్లేదు" అంది. నాకూ రాలేదు. పాలసీ వల్ల పరీక్ష తప్పిన పిల్ల తల్లికి, పాలసీ రాసినవాడు ఏం చెబుతాడు?

రాజుగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన కమిటీ కోసం పూలకుండీలు ఎక్కడ పెట్టాలో చూపిస్తున్నారు. అంతా విని, "బాధాకరం" అన్నారు. "కానీ ఒక్క విద్యార్థిని కోసం పథకం విశ్వసనీయతని పణంగా పెట్టలేం. ఆమె అంబుడ్స్‌మన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదులు వినడానికే ఆ పదవి పెట్టాం."

"అంబుడ్స్‌మన్ ఎవరండీ?"

"మీరే కదండీ. ఆర్డరు చూసుకోలేదా?"

చూసుకోలేదు. విజిటింగ్ కార్డు మీద చోటు లేదు.

సరే, మంచిదే అనుకున్నాను. అంబుడ్స్‌మన్ హోదాలో రాణి క్లెయిము చెల్లించమని చీఫ్ అండర్‌రైటర్‌కి సిఫార్సు చేశాను. చీఫ్ అండర్‌రైటర్‌గా ఆ సిఫార్సు అందుకుని, క్లెయిముల విభాగాధిపతి అభిప్రాయం కోరాను. ఆయనగా నేను నిబంధనలు తిరగేసి, వీలుపడదని జవాబు రాశాను. వేరేలా రాద్దామని చూశాను, నిబంధనలు అంత గట్టిగా రాసి ఉన్నాయి. ముగ్గురు కామేశ్వరాలం ఒకే కుర్చీలో కూర్చుని ఒకరికొకరు అడ్డంపడ్డాం. ముగ్గురిలో ఒక్కడికీ ఆ పిల్లకి ఐదు మార్కులు ఇచ్చే అధికారం లేదు.

అప్పుడొచ్చాడు మణిశంకర్. రాణి తరఫున వచ్చానన్నాడు. ఈలోగా వాడు క్లెయిము ఏజెంటు అయ్యాడు.

"మాస్టారూ, ఈ పాలసీ మీరు చదివారాండి?"

"రాసింది నేనే."

"అది తెలుసండి. చదివారా అని."

వాడు పాలసీ తీసి ఒకచోట వేలు పెట్టాడు. "ఇక్కడ చూడండి. 'విద్యార్థిని రోడ్డు పక్కన నిలిపి ఉంచినప్పుడు దొంగతనము జరిగిన యెడల' అనుంది. స్కూటరు పాలసీలోంచి ఎత్తేరు కదండీ?"

"కొంతవరకు."

"మంచి పని చేసేరండి. దాని కిందే థర్డ్ పార్టీ కూడా వచ్చేసింది. మూడో మనిషి నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే ఏ మినహాయింపూ వర్తించదంట. పాత జబ్బున్నా సరే, కట్టాల్సిందే."

"ఇందులో మూడో మనిషెవడయ్యా? విద్యార్థి ఒకరు, కాలేజీ ఒకరు..." అని ఆగిపోయాను. వాడు నా వైపే జాలిగా చూస్తున్నాడు.

"పాఠం సరిగ్గా చెప్పలేదని విచారణలో తేలాలండి. తేలితే పిల్ల గట్టెక్కినట్టే" అన్నాడు.

ఆ సాయంత్రం ఇందుమతితో చెప్పాను. ఒక ఆడపిల్ల భవిష్యత్తు కోసం చెడ్డ మాస్టారినని నిందపడబోతున్నానని, సాక్ష్యం కోసం పిల్లల చేత కాస్త అబద్ధం ఆడించక తప్పదని, నా గొంతు కొంచెం వణికేలా చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అబద్ధం అవసరం పడుతుందంటారా?" అంది. సరిగ్గా వినపడనట్టు నేనూ ఒక చిక్కుడుకాయ అందుకున్నాను.

విచారణని అవార్డు కమిటీ వచ్చిన రోజునే పెట్టించారు రాజుగారు. ఫిర్యాదుల వ్యవస్థ ప్రత్యక్షంగా పనిచేయడం కమిటీ చూడాలని ఆయన కోరిక. కమిటీ అధ్యక్షుడు బాగా పెద్దాయన, ఎక్కడో ప్రొఫెసరుగా చేసి రిటైరయ్యారు. సెమినార్ హాల్లో నేను అంబుడ్స్‌మన్ కుర్చీలో కూర్చుని విచారణ మొదలుపెట్టాను. తర్వాత లేచి, ఎదురుగా ఉన్న ముద్దాయి కుర్చీలోకి మారాను.

సాక్షులెవరైనా ఉన్నారా అని అడిగాను. ఇద్దరు ముగ్గురు మొహమాటంగా లేస్తారనుకున్నాను. క్యూ వరండా దాకా వెళ్ళింది.

"సారు బోర్డు మీద రాసి, దానికి అడ్డంగా నిలబడతారండి" అన్నాడొకడు.

"ఏదడిగినా, అది తర్వాత వస్తుందంటారండి. తర్వాత రాదండి" అన్నాడు ఇంకొకడు.

"చాలా మంచివారండి" అంది ఒకమ్మాయి. కాసేపు ఆలోచించి, "అంతేనండి" అని వెళ్ళిపోయింది. అన్నిటికంటే ఆ సాక్ష్యమే ఎక్కువ తగిలింది.

ఫస్టు వచ్చే అమ్మాయి తాను ఫోన్లో వీడియోలు చూసి చదువుకున్నానంది. అక్కడిదాకా నేను తలవంచుకుని, త్యాగమూర్తి ముఖం పెట్టుకుని వింటున్నాను. ఆఖర్న రాణిని పిలిచారు.

"సారు బాగానే చెప్పారండి. నాకే అర్థం కాలేదు" అంది.

మణిశంకర్ తల పట్టుకున్నాడు. రాజుగారు తృప్తిగా వెనక్కి వాలారు. ఆ ఒక్క మాటతో క్లెయిము పోతుంది. "రాణీ, ఆలోచించి చెప్పు" అన్నాను.

"నిజవేనండి. నేను అబద్ధం చెప్పలేనండి."

"సరే. రేపటి రూపాయికి ఇవాళ విలువ ఎంతో కట్టే లెక్క ఉంది కదా. బోర్డు మీద చెయ్యి" అన్నాను. తడబడుతుందని, తడబడితే నాకు చెప్పడం రాదని వాదించవచ్చని నా ఉద్దేశం.

ఆమె తడబడలేదు. చకచకా చేసింది. చేసి పక్కకి జరిగి నిలబడింది. బోర్డు చూసి నేను బాగానే ఉందనుకున్నాను. కమిటీ అధ్యక్షుడు కళ్ళజోడు సవరించుకుని, "అమ్మా, వడ్డీ తీసెయ్యాలి కదా? కలిపావేం? రేపటి రూపాయి ఇవాళ రూపాయి కంటే ఎక్కువైపోయిందే" అన్నారు.

"మాస్టారు అలాగే చెప్పారండి" అంది రాణి. వెనక బెంచీల్లోంచి ఓ పాతికమంది ఏకకంఠంతో, "వడ్డీ కలుపుకోవాలి, సంవత్సరాలు గుణించుకోవాలి" అని నా గొంతుతో, నా యాసతో అప్పజెప్పారు.

పరీక్ష పేపర్లు నేను పుస్తకంలోని జవాబులు పక్కన పెట్టుకుని దిద్దాను. పుస్తకంలో సరిగ్గానే ఉంది. నిషేధం రాకముందు నేను చెప్పింది నమ్మి రాసిన ప్రతివాళ్ళకీ ఆ లెక్కలో సున్నా వేశాను. అందరికంటే ఎక్కువ నమ్మింది ఆ పిల్ల.

అంతవరకూ నేను చేస్తున్నది త్యాగమనుకున్నాను. ఆ క్షణం నుంచి అది త్యాగం కాకుండా పోయింది. లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాను. ఏం చెయ్యాలో తోచక ఆమె రాసింది తుడిచాను. "నీకు అర్థం కాకపోవడం కాదమ్మా. నాకే సరిగా రాదు" అన్నాను. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"ఆ లెక్కకి మార్కులు కలిపేస్తే సరిపోతుంది కదా?" అన్నారు అధ్యక్షులు.

"సరైన జవాబుకి మార్కులు వెయ్యడానికే మాకు నిబంధనలున్నాయండి. మాస్టారి పొరపాటుకి వెయ్యడానికి లేవు" అన్నారు రాజుగారు. "అది క్లెయిము ద్వారానే జరగాలి."

క్లెయిము మంజూరు చేస్తూ మూడు హోదాల్లోనూ మూడు సంతకాలు పెట్టాను. చెయ్యి నొప్పి పుట్టలేదు. రాణికి క్లాసు సగటు మార్కులు పడ్డాయి. ఆ వారంలోనే విశాఖపట్నం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వాళ్ళమ్మ వచ్చి నాకు దణ్ణం పెట్టింది. జరిగిందేమిటో ఆమెకి ఎవరూ సరిగా చెప్పినట్టు లేదు.

అవార్డు మాకే వచ్చింది. ఒక సంస్థ తన లోపాన్ని తానే ఇంత పారదర్శకంగా నిరూపించుకోవడం మరెక్కడా చూడలేదని కమిటీ రాసింది. రాజుగారు ఢిల్లీ వెళ్ళి అందుకున్నారు. ఆయన తిరిగొచ్చేసరికి ప్రతి మాస్టారి మీదా థర్డ్ పార్టీ క్లెయిములు పడి ఉన్నాయి. సర్క్యులర్ల మీద సంతకాలు పెట్టినందుకు ఆయన మీద కూడా. పథకం విజయవంతంగా ముగిసినట్టు ఆ మర్నాడే ప్రకటించారు. ఈ కొత్త విద్యా సంవత్సరాన్ని మౌన సంవత్సరం చేశారు. విద్యార్థులు కళ్ళు మూసుకుని బ్యాలెన్సు షీటుని లోలోపల దర్శించాలి.

నా ఇంక్రిమెంటు ఆగింది. మౌన తరగతులు మధ్యాహ్నానికి అయిపోతాయి. ఆ తర్వాత తలుపు దగ్గరకి వేసి, రేపటి రూపాయి పాఠం మళ్ళీ మొదటినుంచీ చెబుతున్నాను. ముందురోజు సాయంత్రం కూర్చుని నేను నేర్చుకుని, మర్నాడు చెబుతాను. ఇందుమతి అప్పజెప్పించుకుంటుంది. హాజరు చాలక ఇంకా ఇక్కడే ఉన్న మణిశంకర్ వరండాలో కాపలా ఉంటాడు, ఎవరైనా వస్తే దగ్గుతాడు. ఆ కాపలాకి ఏమైనా పుచ్చుకుంటున్నాడేమో నేను అడగలేదు.

మొన్న రాణి ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది. కంపెనీ బీమా కంపెనీయేనట. క్లెయిములు తిరస్కరించే సెక్షన్లో వేశారట.

"అదేమిటమ్మా, అందులో ఎందుకు?"

"చేరిన రోజున కాలేజీ సంగతంతా చెప్పానండి. అనుభవం ఉందని వేసేరు."

ఆమే చెప్పుకుపోయింది. తిరస్కరించే ముందు అవతలివాళ్ళకి ఫోన్ చేసి, ఏ కాగితం జతచేస్తే తిరస్కరించడానికి వీలుండదో చెబుతోందట. సగం మందికి డబ్బు వచ్చేస్తోందట. పైవాళ్ళు ఇంకా కనిపెట్టలేదట.

"చాలా మంచి పనమ్మా. అది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను, కొంచెం ఆశగానే.

"మణిశంకర్ దగ్గరండి."

"మరి నా దగ్గర నేర్చుకున్నదేమైనా అక్కడ పనికొస్తోందా?"

లైను తెగిందేమోనని ఫోన్ చూసుకున్నాను. తెగలేదు. పాపం, ఆలోచిస్తోంది.

"ఎందుకు రాదండీ? మిగతా సగం మందికి కుదరదని ఉత్తరాలు రాయాలి కదండీ" అంది ఎంతో మర్యాదగా. "ఆళ్ళకి అచ్చం మీలాగే రాత్తన్నానండి. చదివినోళ్ళెవరూ తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగట్లేదండి."